పదిహేడో డ్రమ్ము

మారెక్క ఒక్క పూటలో, కూర్చున్న చోటునుంచి లేవకుండా, ఆరువందల పిడుగులను సుత్తితో కొట్టి చంపింది. ఈ మాట కళ్యాణదుర్గం బస్టాండులో ఎవరిముందైనా అంటాను. నమ్మనివాళ్లు నేనిప్పించిన టీ తాగి మరీ నమ్మకుండా పోవచ్చు. ఇంటర్ మధ్యలో మానేసినవాడి మాటకు అంతకంటే మర్యాద నేనూ ఆశించను. కానీ ఆ సుత్తి చప్పుడు విన్న చెవులు మాత్రం నావే.

మేమిద్దరం పనిచేసింది ఊరి బయట రోడ్డు పక్కనున్న ఒక చిన్న ఫ్యాక్టరీలో. అక్కడ పిడుగును మింగే బిళ్లలు చేస్తారు. అరచేతిలో ఇమిడేంత ఉంటాయి, నల్లగా, రాయిలాగా. కరెంటు స్తంభం మీద ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పింగాణీ గొట్టాలు కనిపిస్తాయి చూడండి, వాటి కడుపులో ఉండేవి ఇవే. మామూలప్పుడు బిళ్ల కరెంటును గడప దాటనివ్వదు. పిడుగు పడిన రెప్పపాటు మాత్రం తలుపు తెరిచి, దాన్ని భూమిలోకి పంపేసి, మళ్లీ గొళ్లెం పెట్టుకుంటుంది.

నేను ప్యాకింగ్‌లో ఉండేవాణ్ణి. మారెక్క పని కలపడం. బియ్యప్పిండిలాంటి జింకు పొడిలో చిటికెడు చిటికెడు ఏవేవో మందులు వేసి, శుద్ధి చేసిన నీళ్లు పోసి, పెద్ద డ్రమ్ములో రోజంతా తిప్పాలి. దాన్ని ఆరబెట్టి, అచ్చులో నొక్కి, బట్టీలో కాలిస్తే బిళ్ల.

తొమ్మిదేళ్ల కింద ఆమె పనిలో చేరినప్పుడు సూపర్‌వైజర్ వేణుగోపాల్ ఒక మాట చెప్పాడు. “అమ్మా, ఉప్పు తగలకూడదు. చెమట చుక్క కూడా డ్రమ్ములో పడకూడదు. పడితే బిళ్ల లోలోపలే కరెంటు కారుతాది. ఈడ మీటర్‌లో పాసవుతాది. ఏడాదికో రెండేళ్లకో స్తంభం మీద కాగి కాగి పేలుతాది. కింద ఎవడుంటే వాడి కర్మ.”

అప్పటినుంచి ఎంత ఎండలోనైనా ఆమె చేతులకు మోచేతుల దాకా గ్లౌజులు, నుదుటికి గుడ్డ. ముఖం మీద ఈగ వాలినా మూడడుగులు వెనక్కి జరిగి తోలుకునేది.

“ఏమక్కా, దేవుని నైవేద్యమా అది?” అని నేను ఏడిపిస్తే, “నీ నోట్లో తుంపర పడతాది, దూరం పో వీరేషా” అనేది.

రెండేళ్ల కిందటి ఎండాకాలం మారెక్క ఊళ్లో మంచినీళ్ల ప్లాంటు బోరు ఎండిపోయింది. ఇక మిగిలింది చేతిపంపు. ఆ ఫ్లోరైడ్ నీళ్లు తాగితే పళ్లకు గార పడుతుంది, ఎముకలు వంగుతాయి. ఆమె దగ్గర పెరుగుతున్న మనవరాలు లావణ్యకు అప్పటికే మోకాళ్ల నొప్పులు. ఏడేళ్ల పిల్ల మెట్టెక్కాలంటే గోడ పట్టుకునేది. డాక్టరు మందు రాయలేదు, నీళ్లు మార్చమన్నాడు. దాంతో మారెక్క రోజూ ఫ్యాక్టరీ శుద్ధి నీళ్లు అయిదు లీటర్ల క్యాన్‌లో ఇంటికి పట్టుకుపోయేది. అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు.

మే నెలలో ఫ్యాక్టరీ బోరు కూడా దగ్గడం మొదలుపెట్టింది. ఒక శుక్రవారం శుద్ధి నీళ్లు సరిగ్గా ఒక్క డ్రమ్ముకే వచ్చాయి. అది ఆ ఆర్డరులో పదిహేడో డ్రమ్ము. మారెక్క ముందు క్యాను నింపింది. డ్రమ్ముకు అయిదు లీటర్లు తక్కువయ్యాయి. ఆ అయిదూ ఉప్పునీళ్ల బోరు కుళాయి కింద పట్టి పోసింది. చెమట చుక్క పడనివ్వని మనిషి.

మీటరైనా ఆ బిళ్లలను ఆపుతుందని ఆశపడిందట. ఆపలేదు. పదిహేను రోజులకు ఆరువందలూ పాసై నా దగ్గరికి వచ్చాయి. మర్నాడు మారెక్క ప్యాకింగ్ గది గుమ్మంలో నిలబడింది.

“వీరేషా, పదిహేడో డ్రమ్మువి పోయినాయా?”

“ఒక పెట్టె పొద్దున్నే లారీ ఎక్కింది, ఇరవైనాలుగు. అర్జెంటంట. కడమవి రేపు పోతాయి. ఏమక్కా, బిడ్డను అత్తగారింటికి పంపినట్ల ముఖం పెట్టినావ్?”

ఆమె నేరుగా సూపర్‌వైజర్ గదికి నడిచింది. ఊరందరి కబుర్లు మోసేవాణ్ణి, వెనకే పోకుండా ఉంటానా?

“సార్, పదిహేడో డ్రమ్ములో బోరు నీళ్లు పోసినా.”

“ఎందుకమ్మా?”

“మంచివి పాపకు తీసకపోయినా.”

వేణుగోపాల్ లేచి తలుపు దగ్గరగా వేశాడు. నేను లోపలే ఉన్నానన్న సంగతి కూడా పట్టించుకోలేదు. “మీటర్ పాస్ చేసినాది. నువ్వు చెప్పలేదు, నేను విన్లేదు. పో.”

“మీటర్‌కు తెలీదని మీరే చెప్తిరి గదా సార్.”

“నేను చానా చెప్తా. ఈ ఆర్డర్ పోకుంటే ఫ్యాక్టరీకి తాళమే. నలభైమంది ఉండారు. నోరు మూసుకుంటే నీ పనీ ఉంటాది, పాపకు నీళ్లూ ఉంటాయి.”

“పొద్దున పోయిన పెట్టెనన్నా వెనక్కి పిలిపించండి సార్.”

“పోయింది పోయింది.”

మధ్యాహ్నం భోజనం గంట కొట్టాక ఆమె బట్టీ ఇటుకలు ఊడగొట్టే సుత్తి తెచ్చుకుని ప్యాకింగ్ గదిలో చతికిలబడింది. ఒక్కో బిళ్లకు రెండు దెబ్బలు. పెంకులెగిరి చెంప కోసుకుంది, తుడుచుకోలేదు. నేను ఆపలేదు. పెట్టెల మూతలు తీసిపెట్టాను, దాన్ని సాయమంటే మీ ఇష్టం. తలుపు గొళ్లెం దానంతటదే పడిందని తర్వాత సార్‌కు చెప్పాను. నా బతుకులో ఒకరు నమ్మిన అబద్ధం అదొక్కటే. బయట జనం తలుపు బాదుతూనే ఉన్నారు. లోపల చివరి బిళ్ల దాకా చప్పుడు ఆగలేదు.

సాయంత్రం గేటు దగ్గర వాచ్‌మన్ ఆమె క్యాను తీసుకుని నేలమీద వంచేశాడు. “సార్ చెప్పినాడక్కా, ఏమనుకోవద్దు” అన్నాడు. ఆ తడి ఆరడానికి నాలుగు అడుగులేసేంత సేపు కూడా పట్టలేదు.

ఆర్డరు చేజారిపోయింది. నాలుగు నెలలకు ఫ్యాక్టరీకి తాళం పడింది. ఆ నలభైమందిలో నేనూ ఒకణ్ణి. తక్కినవాళ్లలో సగంమంది ఈనాటికీ మారెక్క ఎదురైతే పక్కకు తిరిగి ఉమ్మేస్తారు. ఆమె ఇప్పుడు మిల్లులో శనక్కాయలు వొలుస్తోంది. లావణ్యకు తొమ్మిదేళ్లు. కాళ్లు బయటికి వంగిపోయాయి. బడికి అవ్వ వీపు మీదే పోతుంది.

మా వైపు ఉరుము వినిపిస్తే జనం వాన కోసం బయటికొచ్చి ఆకాశం చూస్తారు. ఆమె ఒక్కతే కరెంటు స్తంభాన్ని చూస్తుంది.

పోయిన నెల బస్టాండులో ఎవరో కొత్తవాళ్లకు ఈ కథే చెబుతున్నాను. పిడుగులు, సుత్తి, ఆరువందలు, అంతా నా తరహాలోనే. అంతలో అక్కడికొచ్చిన మారెక్క పిల్లను వీపుమీదనుంచి బెంచీ మీదికి దించి, చివరిదాకా విన్నది. ఈమేనని నేను చూపిస్తే అందరూ ఆమె వైపు తిరిగారు.

“ఆరునూర్లు కాదప్పా వీరేషా. ఇరవైనాలుగు ముందే పోయినాయి. యాడ, ఏ స్తంభం మీద ఉండాయో నాకు తెలీదు.”