నాలుగో దినం పరీక్ష

పొద్దున మనవరాలు కాలేజీకి పొయ్యే మేట్టుపాళయం బస్సుకు పరుగెత్తుతా, నేను తాగే కాపీ టంబ్లర్ కింద ఒక కాగితం పెట్టి పోయింది. "చదువుకో అవ్వా, ఈ తడవ రూల్సు కొంచెం మారినాయి" అంది. పిల్ల ఇంజనీరింగు మూడో ఏడు. అయినా వారానికి మూడు రోజులు తనకంటే చిన్న పిల్లల నడుమ కూచుని, పోయినేడు తప్పిన డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ లెక్కలు మళ్ళీ మొదటి నుంచి చదువుతోంది. దాన్ని తప్పించిన మనిషిని నేనే.

నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటినాక. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ మా ఊరి బడి అరవం. ఆ బడికీ నన్ను పంపలేదు, వక్కతోటలో నీళ్ళు కట్టేదానికి పంపినారు. మావాళ్ళ కల్యాణ మండపంలో ఆదివారాలు తెలుగు నేర్పుతామంటే, అప్పుడు ఆరో క్లాసులో ఉన్న మనవరాలి చెయ్యి పట్టుకుని పోయినా. అది రెండు నెలల్లో నేర్చేసి నాకే వాద్యారు అయి కూచుంది. పలక మీద నేను రాసినదానికి మార్కులు వేసేది. "ఇది అక్షరమా, కోడి కాలా అవ్వా?" అని ఎగతాళి చేసేది. అయితే నేను రాయలేకపోయిన దినం "పోనీ, రేపు రాసి చూపించు" అని వదిలేసేది. ఒక్క తూరి కూడా సున్నా పెట్టలేదు.

పోయినేడు మా దాయాది ఒకాయన పోయినాడు. నాలుగు తరాల వెనక మా రెండిళ్ళూ ఒకటే ఇల్లు. కాలవ నీళ్ళ తగాదాలో ఇరవై ఏండ్లుగా మా గడప తొక్కని మనిషి, పోతా పోతా మా ఇంటిల్లిపాదినీ పదకొండు దినాలు కట్టేసి పోయినాడు. మా వంశంలో మైల అంటే మైలే. కర్మ అయ్యేదాకా ఎవరూ ఊరి ఎల్ల దాటరు. నా మొగుడు పోయినాక ఆ కట్టుబాటు కాపాడే పెద్దరికం నా నెత్తిన పడింది. నాలుగో దినం పిల్లకు ఆ లెక్కల పరీక్ష వచ్చింది.

"పొయ్యేసి వస్తానవ్వా, మూడు గంటల పని" అంది.

"ఎల్ల దాటేది లేదు" అన్నా.

"ఆయన మొకమే నేను సరిగ్గా చూడలేదు కదవ్వా!"

"చూడకుంటే రక్తం మారిపోతుందా ఏమే? నీ ఒక్కదానికి వదిలితే తక్కినోళ్ళకు నేనేం చెప్పేది?"

అది అరవలేదు, ఏడవలేదు. నోటుపుస్తకంలో కాగితం చించి, కాలేజీ రూల్సన్నీ తెలుగు అక్షరాల్లో గుండ్రంగా రాసి తెచ్చింది. "నువ్వే చదివి, అప్పుడు చెప్పవ్వా" అంది. చదివినా. ఇంటికిచ్చే లెక్కలకు ఇరవై మార్కులు. నడిమి పరీక్షలు రెండు, ఒక్కోదానికి ఇరవై. కడపటి పరీక్షకు నలభై. అన్నీ కలిపి యాభై రాకుంటే మళ్ళీ చదవాలి. ఆలస్యంగా ఇచ్చిన లెక్కలు తీసుకోరు. పోకుండా తప్పిన పరీక్ష మళ్ళీ పెట్టరు, ఆస్పత్రిలో పడితేనో, అమ్మానాయనో తోడబుట్టినోళ్ళో పోతేనో తప్ప. ఎప్పుడూ వేలు పెట్టి, నిలిచి నిలిచి చదివేదాన్ని, ఆ దినం కాగితం మొత్తం గడగడా చదివేసినా. సంతోషంలో ఒళ్ళు తెలియలేదు. "ఎక్కడా ఆగలేదు చూసినావా, ఎన్ని మార్కులు?" అని అడిగినా. అది నా మొకం చూసి, కాగితం మడిచి పెట్టుకుంది. "పదికి పది అవ్వా" అని లోపలికి పోయింది. పరీక్షకు పోలేదు.

కర్మ అయిన మర్నాడు నేనే కాలేజీకి పోయినా. ఆ లెక్కల వాద్యారు మదురై పక్క మనిషి, నా కొడుకు ఈడు. "ఉక్కారుంగమ్మా" అని లేచి తన కుర్చీనే ఇచ్చినాడు. అరిస్తే తిరిగి అరుస్తామని పోయినదాన్ని, మరియాద చేస్తే ఏం చేసేది? నాలుగు తరాల చుట్టరికం చెప్పినా, తప్పు నాది, పిల్లది కాదన్నా. అంతా ఓపిగ్గా విని, "ఒక్కరికి వదిలితే తక్కినోళ్ళకు నేనేం చెప్పేదమ్మా?" అన్నాడు అరవంలో. నేనన్న మాటే. ఆయన కుర్చీ ఆయనకు వదిలి లేచి వచ్చేసినా.

ఏడాది కడపట పిల్లకు నలభై ఏడు వచ్చినాయి. ఆ పరీక్ష రాసి ఇరవైలో మూడు తెచ్చుకున్నా గట్టెక్కేది. "మనుషుల్ని ఇట్లా చేసే లెక్క ఏం లెక్కే అది?" అంటే, నా టంబ్లర్ చూపించింది. "ఈ కాపీ ఎంత వేడిగా ఉంది, ఎంత వేగంగా చల్లారుతుంది అని తెలిస్తే, ఎప్పుడు దించినావో చెప్పెయ్యొచ్చు అవ్వా."

ఈ పొద్దు కాగితంలో కొత్త రూలు ఒకటుంది. నడిమి పరీక్ష ఒకటి రాయకుంటే ఆ ఇరవై మార్కులూ కడపటి పరీక్షలో కలుపుతారంట, కారణం అడగరంట. కడపటి పరీక్షకు మాత్రం ఏ దయా లేదు. ఆ వాద్యారు తన కట్టు సడలించినాడు, మాకు ఒక ఏడాది ఆలస్యంగా. నేను నాది సడలించలేదు. పక్క వీధిలో ఇంకో దాయాది మంచాన ఉన్నాడు. పిల్ల పరీక్షలు అయ్యేదాకా ఉండు నాయనా అని దినమూ ఆయనకు గంజి పంపిస్తున్నా. ఆయన పోతే పిల్లను వదిలేస్తానని చెప్పేదానికి నోరు రాదు, వదలనని చెప్పేదానికీ రాదు. కొత్త రూలు దగ్గర నా వేలు నిలిచిపోయింది, మూడు తూర్లు చదివినా ముందుకు పోలేదు. టంబ్లర్ ఎత్తితే కాపీ చల్లగా ఉంది. అది ఎప్పటి కాపీయో సాయంత్రం పిల్ల వచ్చి లెక్క కట్టి చెబుతుంది. చల్లారినంతసేపూ పక్కనే కూచుని ఉన్నది నేను.