ఏడో సీసా

పదో తరగతి గడప దాటకుండానే చదువుకు దండం పెట్టినవాణ్ణి నేను. అయినా ఏనుగును చీమ మోసుకెళ్లిందని చెప్పి మీచేత ఔననిపించగలను. మా అక్క అలా కాదు. పదకొండును పన్నెండు అనమంటే ప్రాణం పోయినా అనదు. ఆమె ఉద్యోగమే లెక్కపెట్టడం.

అక్క ప్రయోగశాల వాళ్లు నీలిపూల మొక్కల్ని రకరకాల పనిగదుల్లో పెట్టేవారు. ఆ పూల కేసరాలకు సన్నని నూగు ఉంటుంది. మైక్రోస్కోపులో ఒక్కో నూగు నీలిపూసల దండలా కనిపిస్తుంది. రేడియేషనో, విషపు రసాయనమో తగిలి జన్యువు చెడితే, ఒక పూస గులాబీరంగుకు తిరుగుతుంది. ఆ గులాబీల్ని అక్క లెక్కించేది. పూలు సీసాల్లో వచ్చేవి, సీసా మీద అంకె మాత్రమే. ఏ అంకె ఏ గదిదో సీలువేసిన కవరులో ఉండేది. ముందే తెలిస్తే కన్ను మొగ్గు చూపుతుందట.

బావ పైపుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అతుకుల్ని రేడియేషన్‌తో ఫొటో తీసే గదికి ఆనుకునే అతని బల్ల. అక్కడా ఒక మొక్క పెట్టారు. తన మంచినీళ్లలో సగం దానికే పోసేవాడు.

ఒకరోజు అన్నాల దగ్గర అక్క అంది, "ఏడో సీసా నిండా గులాబీలే."

"ఆ గదివాడు చీకట్లో తన వెలుగులోనే పేపరు చదువుకుంటున్నాడన్నమాట," అన్నాను.

బావకు పొలమారింది. "మీసాలు కూడా గులాబీరంగేనా, బావమరిదీ?"

"మరి? వాళ్లావిడ రోజూ నల్లరంగు పూసి పంపుతోంది."

అక్క నవ్వలేదు. "పాపం, ఎవరో. కవరు తెరవమని సారుని అడగనా?"

"సగంలో తెరిస్తే లెక్క పనికిరాదని నువ్వేగా అంటావు," అన్నాడు బావ. "ఇంకో ఆరు వారాలేగా, ఆగు."

ఆగింది.

కవరు తెరిచిన రోజు అక్క ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండానే గుమ్మంలో కూలబడింది. "ఏడోది మీ బావ బల్లరా," అంది.

రేడియేషన్ వస్తున్న గోడ నెర్రె పూడ్చారు, బల్ల మార్చారు. రెండేళ్లకు రక్తం జబ్బుతో బావ పోయాడు. దానివల్లేనని డాక్టరు అనలేదు. కాదనీ అనలేదు.

మొన్న అక్క గోడవైపు చూస్తూ కూర్చుంటే, నాకు చేతనైన ఒకే ఒక్క పని చేయబోయాను.

"ఆరు వారాలంటావుగానీ అక్కా, సెలవులూ ఆదివారాలూ తీసేస్తే బావ ఆ బల్ల దగ్గర కూర్చున్నవి ఇరవై రోజులైనా ఉండవే."

"ఆ నెలల్లో సెలవులు లేవు," అంది అక్క మెల్లిగా. "ఆదివారాలు తీస్తే ముప్పై ఆరు. మీ బావ రెండు ఆదివారాలు ఓవర్‌టైం చేశాడు. ముప్పై ఎనిమిది."