తోకల భాషతో ఏసీ గదికి

ఉద్యోగమంటే నీడపట్టున కూర్చోవడమేనని గట్టిగా నమ్మిన రోజులవి. ఒమన్‌లోని సహంలో మా కంపెనీ బిల్డింగు కడుతుంటే నేను ఎండలో ఇటుకలు మోసేవాణ్ణి. (డిగ్రీ చదివానని ఎంత చెప్పుకున్నా ఇటుకల బరువు తగ్గలేదు.) అల్ ఖువైర్‌లోని మా ఆఫీసుకు పోర్చుగల్ నుంచి కొత్త ఇంజనీరు వచ్చాడనీ, తన భాష నాలుగు ముక్కలు తెలిసిన అసిస్టెంటు కోసం మా సైటుకు వస్తున్నాడనీ తెలియగానే, ఆ ఆఫీసు ఏసీ గాలి నా ముఖానికి తగిలినట్టే అనిపించింది.

వెంటనే ఫోన్లో పోర్చుగీసు పాఠాలు మొదలుపెట్టాను. వాక్యాలు కొరుకుడు పడలేదు గానీ, మాటల తోకలు మాత్రం భలే నచ్చాయి. మన వేట వేటగాడైనట్టు, వాళ్ల ‘పెద్ర’ అనే రాయికి ‘ఎయిరు’ తగిలిస్తే ‘పెద్రెయిరు’, అంటే తాపీమేస్త్రీ. తలుపు ‘పోర్త’, దాని దగ్గర కూర్చునే వాచ్‌మన్ ‘పుర్తెయిరు’. ‘ఓజు’ తగిలిస్తే గుణం పుడుతుంది: ‘కుయిదాదు’ అంటే జాగ్రత్త, జాగ్రత్తపరుడు ‘కుయిదదోజు’. బద్ధకం ‘ప్రెగీస’, బద్ధకస్తుడు ‘ప్రెగిసోజు’. మా రూములో ఎవరినీ పేరుపెట్టి పిలిచే అలవాటు లేదు, చేసే పనే పేరు. అందుకని నా చదువు అక్కడ చక్కగా సాగింది. వంటాయన ‘కుజిన్యెయిరు’ అయిపోయాడు, అలా పిలిస్తేనే రెండో గరిటె కూర వేసేవాడు. రూముకు పెద్దదిక్కు జగిత్యాల నుంచి వచ్చిన తాపీమేస్త్రీ, మా అందరికీ పెద్దన్న. ఆయన ఒకరోజు నన్ను ఆపాడు.

"తమ్మీ, అందరికి తోకలు కడుతున్నవ్, మరి నీకేం కట్టుకున్నవ్?"

కుయిదదోజు అని గర్వంగా చెప్పి అర్థం వివరించాను. పెద్దన్న నన్ను ఎగాదిగా చూశాడు.

"బద్ధకంది చెప్పినవ్ గదా, ప్రెగిసోజు. గదే పెట్టుకో, సరిపోతది."

ఇంజనీరు రానే వచ్చాడు. నవ్వుతూ ఏదో పొడుగ్గా అడిగాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నోరు మూసుకుంటే ఏసీ పోతుందన్న భయంతో, కనబడినవాళ్లనల్లా వేలుపెట్టి చూపిస్తూ పెద్రెయిరు, పుర్తెయిరు అని వరసపెట్టి వదిలాను. చివరికి గుండె మీద చెయ్యేసుకుని కుయిదదోజు అన్నాను. ఆయన మురిసిపోయి ఇంగ్లీషులో ఏదో చెబితే, ఫోర్‌మన్ హిందీలో నాకు అందించాడు. సైటులో ఎవరు ఏ పని చేస్తారో ఇంత బాగా తెలిసిన జాగ్రత్తపరుణ్ణి ఆఫీసులో కూర్చోబెట్టడం దండగట. రోజంతా ఇక్కడే తిరుగుతూ అందరి పనీ చూసుకోవాలట. చేతిలో ఇటుకలు పోయి నెత్తిన సూపర్‌వైజరు తెల్ల హెల్మెట్ వచ్చింది. ఎండ మాత్రం అదే ఎండ. నాకు నిజంగానే ఏడుపొచ్చింది, రూములో అందరూ మాత్రం పండగ చేసుకున్నారు.

ఏళ్లు గడిచి, ఇప్పుడు సీబ్‌లోని ఆఫీసులో నాకో ఏసీ గది ఉంది. తోకలు కట్టేవాళ్లు లేరు, అందరూ సార్ అంటారు. చలేసినప్పుడల్లా బయటికొచ్చి ఎండలో నిలబడి, పక్క సైటులో గోడ కట్టేవాళ్లను చూస్తూ ఉండిపోతాను. లోపల బల్ల మీద పని అలాగే పడి ఉంటుంది. పెద్దన్న పెట్టిన పేరు ఇన్నాళ్లకు నాకు సరిపోయింది.