బూజు పట్టిన గడ్డి

మోంటానాలో ఆ వేసవంతా చినుకు లేదు. తీరా ఆర్డిస్ హౌగెన్ గడ్డి కోసి ఆరబెట్టిన వారమే కుండపోతగా కురిసింది. కట్టలు కట్టేసరికి లోపల బూజు పట్టింది. తగలబెట్టబోతుంటే పొరుగు రైతు వర్జిల్ ట్రక్కు వేసుకొచ్చాడు.

"మంచిగడ్డి ధరే ఇస్తా, ఇచ్చెయ్."

"ముక్కు పనిచెయ్యట్లేదా వర్జిల్? ఇది తింటే నీ గుర్రాలు చస్తాయి."

"జిల్లా అంతా తిరిగా, పరక దొరకలేదు. తినకపోతే బతుకుతాయా?"

ఆర్డిస్ కట్టల వైపు చెయ్యి చూపింది. డబ్బు మాత్రం పుచ్చుకోలేదు. ఇద్దరూ కట్టలు విప్పి, నల్లబడినదంతా పీకి పారేసి, మిగిలింది ట్రక్కుకెక్కించారు.

మంచు పడేలోగా మూడు గుర్రాలు కడుపునొప్పితో పోయాయి. ఒక్కటే దగ్గుతూ మిగిలింది. వర్జిల్ ఆమెను పల్లెత్తు మాటనలేదు. మరుసటి ఏడు ఆర్డిస్ గడ్డి కోయలేదు. తన ఆవుల్ని ఆ గడ్డి పొలంలోకే మేతకు వదిలేసింది.