కోత మాత్రం వద్దన్నాను

కువైట్‌లో కఫీల్ ఇంట్లో, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని ఇంట్లో, డ్రైవరుగా ఉన్నప్పుడు నా మూత్రనాళంలో నిమ్మకాయంత రాయి అడ్డుపడింది. అబ్బాసియా పేటలో ఒకే గదిలో ఉండే మా కోనసీమవాళ్ళు ఉలవచారు కాచి, "తాగరా బాబూ, అదే కొట్టుకుపోద్ది" అంటూ గిన్నెలకొద్దీ పోశారు. తాగినకొద్దీ నొప్పి పెరిగింది.

ఆసుపత్రిలో తెలుగు డాక్టరు మండిపడ్డాడు. "దారి మూసుకుపోయాక తాగితే కిడ్నీ ఉబ్బుతుందయ్యా. పక్క కోసి తీయాలి. లేదంటే కిందనుంచి గొట్టం పంపి, తీగబుట్టతో లాగి చూడాలి. అది కుదరకపోతే కోతే."

కోస్తే నెలల తరబడి మంచం. కఫీల్ ఊరికి పంపేస్తాడు.

డాక్టరు మీద సింహంలా గర్జించానని అందరికీ చెప్పుకున్నాను. నిజానికి రాయి కందిగింజంత, గొట్టం చూసి ఏడ్చాను. ఏడుస్తూనే "కోత మాత్రం వద్దు" అన్నాను. రాయి బుట్టలో పడింది. కఫీల్ కారు మళ్ళీ నేనే తోలాను.