సారంగపాణి వినని ఈల

వరంగల్‌లో కాశిబుగ్గ రోడ్డు మీద డీజిల్ ఇంజన్లు బాగుచేసే సారంగపాణికి చెవులే సగం పనిముట్లని అందరూ చెప్పుకునేవారు. బండి వచ్చి షెడ్డు ముందు ఆగకముందే రోగం ఎక్కడుందో పట్టేసేవాడు. ఎనభైల నడుమ వానలు మొహం చాటేసిన ఏళ్లలో జిల్లా అంతటా బోర్లు వేసే లారీలు తిరిగాయి. వాటి కంప్రెసర్ ఇంజన్ల పక్కన పగలంతా నిలబడి ఇల్లు చేరితే చెవుల్లో హోరు. మొదట్లో తెల్లారేసరికి తగ్గేది. తరవాత తగ్గడం మానేసింది. రాత్రయితే చాలు అరిచే కీచురాళ్లు ఎందుకో అరవడం లేదనుకున్నాడు. అంతకుమించి ఆలోచించడానికి భయపడ్డాడు.

ఆ ఎండాకాలం కిషన్ రావు బోరు లారీ పరకాల దగ్గర ఒక మెట్ట చెలకలో సగం బోరు వేసి నిలిచిపోయింది. రాయి తగలగానే ఇంజన్‌కు దమ్ము చాలడం లేదు. లారీని షెడ్డుకు తెచ్చారు.

ఆ ఇంజన్‌కు టర్బో ఉంది. బయటికి పోయే పొగ వేగానికే లోపలి చక్రం తిరిగి, ఇంజన్‌లోకి గాలిని ఒత్తి నింపుతుంది. ఆ ఒత్తిడి ఎంతుందో ఒక సన్నటి రాగి గొట్టం డీజిల్ పంపుకు అందిస్తుంది. ఒత్తిడి పెరిగిందని తెలిస్తేనే పంపు డీజిల్ ఎక్కువ వదులుతుంది. టర్బో సరిగ్గా తిరిగితే సన్నగా ఈల వేస్తుంది.

సారంగపాణి ఇంజన్ వేగం పెంచి, తల వంచి విన్నాడు. ఈల లేదు.

"టర్బో పోయింది రావు సాబ్. ఇప్పాలె."

విప్పి చూస్తే చక్రం వేలు తగిలితే చాలు, గిర్రున తిరిగింది. లూజు లేదు, ఆయిల్ మరక లేదు. మళ్లీ బిగించాడు. ఇంజన్ అట్లాగే ఈసురోమంటోంది. ఈల ఇప్పుడూ లేదు.

"ఏమంటవు సారంగం? కొత్తది తెప్పియ్యమంటవా? అక్కడ రైతు బోరు కాడ్నే కూసున్నడు," అన్నాడు కిషన్ రావు.

సారంగపాణి ఇంజన్‌ను మరోసారి నడిపి, చెవి ఇంకా దగ్గరగా పెట్టాడు. అప్పుడే భార్య సుగుణ అన్నం గిన్నె పట్టుకుని వచ్చింది. అతను ఇంజన్ ఆపేదాకా చెవి మూసుకుని నిలబడింది.

"ఇదేందయ్యా, గట్ల ఈలేస్తాంది? చెవుల సూది వెట్టినట్టుంది."

"ఏ ఈల?"

మళ్లీ ఇంజన్ పెట్టి, ఎక్కడినుంచి వస్తోందో చూపమన్నాడు. ఆమె తడుముకోకుండా టర్బో వైపు వేలు చూపింది. అతను ఇంజన్ ఆపాడు. సుగుణ అతని మొహంలోకి చూసింది.

"నీకు ఇనబడ్తలేదా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"ఎప్పటిసంది?"

"ఏమో. కీచురాళ్లే అరుస్తలెవ్వనుకున్న."

"అవి రోజు అరుస్తనే ఉన్నయి," అందామె మెల్లగా.

సారంగపాణి ఆమె చేతిలోని గిన్నె తీసుకుని పక్కన పెట్టాడు. ఆమె విన్న ఈల నిజమైతే టర్బో గాలిని నింపుతూనే ఉంది. మరి పంపుకు ఆ కబురు ఎందుకు అందడం లేదు? సబ్బునీళ్లు కలిపి, ఇంజన్ నడిపిస్తూ రాగి గొట్టం పొడవునా పూశాడు. క్లాంపు కింద, ఇనుముకు రాసుకుని అరిగిన చోట, వెంట్రుకంత చీలిక. అక్కడ బుడగలు ఉబికాయి.

కొత్త గొట్టం వేయగానే ఇంజన్ బరువుకు తట్టుకుని లాగింది. కిషన్ రావు నవ్వాడు. సారంగపాణి నవ్వలేదు.

"టర్బోకు ఏం కాలే రావు సాబ్. ఉత్తగనే ఇప్పిన. నా చెవులు పోయినయి."

చెవులు పోయిన మేస్త్రీ దగ్గరికి ఇక ఎవడొస్తాడు? కిషన్ రావు వెలిగించబోయిన బీడీని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"దవాఖానకు పోయినవా?"

"లేదు."

"ముందుగాల పో. బండ్లు ఎటూ పోవు."

దవాఖానలో డాక్టరు, పోయిన వినికిడి తిరిగి రాదని, ఉన్నదాన్నన్నా కాపాడుకోమని చెప్పాడు. సారంగపాణి పని మానలేదు. గాలి ఒత్తిడి చూపే మీటరు ఒకటి సంపాదించాడు. దాని ముల్లు కదలికను చదవడం, నడివయసులో ఓనమాలు దిద్దినంత కష్టంగా నేర్చుకున్నాడు. ఆ షెడ్డులో పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు చెవుల్లో దూది పెట్టుకోకపోతే మాత్రం, ఎప్పుడూ కోప్పడని మనిషి, గట్టిగా కేకలేసేవాడు.