ముక్కువైపు కిటికీలు

మా మేడమీద వాటాలో ఉండే ఆయన్ని వీధంతా ఓడలాయన అంటుంది. ఆకాశంలో తిరిగే ఓడల బొమ్మలకి లోపల దీపాలు పెట్టడం ఆయన పని. బల్బు ఆవగింజంత, తీగ వెంట్రుకంత. వెలుగు ప్లాస్టిక్కులోంచి బయటికి కారకుండా లోపలంతా నల్లరంగు పూస్తాడు. ఓడ రెండు చెక్కలూ కలిపి జిగురు పెట్టేముందు మాత్రం ఆయనకి ముచ్చెమటలు పోస్తాయి. "ఒకసారి మూశాక ఏ దీపం ఆరినా ఓడని పగలగొట్టాల్సిందేనమ్మా" అంటాడు. అందుకే స్విచ్చి వేస్తాడు, తీస్తాడు, మళ్ళీ వేస్తాడు.

మొన్న పొద్దున పైన కేక వినపడితే నేనాగుతానా, చేతిలో చీపురుతోనే మెట్లెక్కేశాను. కర్టెన్లు వేసిన గదిలో, ముందురోజే అతికించిన పెద్ద ఓడని బ్లేడుతో చీలుస్తున్నాడు.

"ఇదేం పని అన్నయ్యగారూ!"

"ముక్కువైపు కిటికీలు ఒక్కటీ వెలగట్లేదమ్మా. నిన్న బాగానే ఉన్నాయి!"

"మీ మొహం! మిణుగురుల్లా మెరిసిపోతుంటేనూ" అంది ఆయన భార్య. నిజమే, ముక్కు నుంచి తోక దాకా అన్నీ వెలుగుతున్నాయి. ఆవిడ నవ్వుతూ, తోక ఆయన ఎడమచేతివైపుకి వచ్చేలా ఓడని తిప్పింది.

ఆయన చేతిలోంచి బ్లేడు జారిపోయింది.

"ఇప్పుడు ముక్కు వెలిగింది. తోక ఆరిపోయింది" అన్నాడు మెల్లగా. ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఆయన గాలిలో చెయ్యి చాపి, "ఏమే, నువ్వెక్కడున్నావ్?" అన్నాడు.

ఆవిడ ఆయనకి ఎడమపక్కనే, భుజం ఆనించి నిలబడి ఉంది.